ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు

(కొత్తకోటలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఇవాళ మనం స్మరించుకుంటున్న సారు మనకు లెక్కలు చెప్పినారు. జవాబు సరిగ్గా వచ్చినా మధ్య మెట్లు రాయకుంటే మార్కులు వేసేవారు కాదని ఇక్కడున్న అందరికీ గుర్తే. బడి అయిపోయినాక ఆయన ఇంకొక పని చేసేవారు. చుట్టుపక్కల ఊర్ల రైతులు పహాణీ (ఏటేటా రాసే భూమి లెక్క) నకళ్లు, పాసుపుస్తకాలు, ఉర్దూలో రాసిన పాత సేత్వార్లు (తొలి భూమి సర్వే నాటి రిజిస్టర్లు) పట్టుకొని ఆయన ఇంటి ముందు కూర్చునేవారు. సారు వాటిని చదివి, ఏ సంవత్సరం ఏ పేరు ఎట్లా మారిందో వరుసగా ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చేవారు. పేరు మారిందని చెప్పి ఊరుకునేవారు కాదు, ఎవరి ఉత్తర్వు మీద మారిందో కూడా వెతికేవారు. ఇవాళ్టి ఉపన్యాసం ఆ రెండో పనిలోంచి పుట్టింది.

నేను ఎంచుకున్న విషయం వెర్షన్ కంట్రోల్. పదిమంది కలిసి రాసే రాతలో జరిగిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు రోజూ మాట్లాడే మాటలు వినండి. "కోడ్ పుష్ చేశావా?", "ముందు పుల్ తీసుకో", "మెర్జ్‌లో కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది", "ఆ కమిట్ రివర్ట్ చెయ్యి". అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో వీటిని కమాండ్లుగా నేర్పుతారు. ఇంటర్వ్యూ దాటడానికి అది చాలు. ఒక్కొక్క మాట ఏ కష్టంలోంచి వచ్చిందో తెలియకపోతే మాత్రం, మొదటిసారి పని చెడిపోయిన రోజున ఆ కమాండ్లు అక్కరకు రావు. అందుకే ఈ మాటల కథ చెప్పదలచుకున్నాను. పాలమూరు మనుషులకు ఈ కథ అర్థం కావడానికి కంప్యూటరు తెలిసి ఉండనక్కరలేదు. పహాణీ తెలిసి ఉంటే చాలు.

అన్నిటికన్నా ముందు కమిట్. చేసిన మార్పును దస్తావేజులోకి ఎక్కించడం అన్నమాట. ఇప్పుడు అందరూ వాడే గిట్‌లో ఒక కమిట్ తెరిచి చూస్తే అందులో ఆ క్షణానికి ప్రాజెక్టులోని ఫైళ్లన్నీ ఎట్లా ఉన్నాయో దాని ఆనవాలు ఉంటుంది. రాసినవారి పేరు, తేదీ, గంట ఉంటాయి. దీనికి ముందున్న కమిట్ ఏదో ఉంటుంది. చివర ఒక సందేశం ఉంటుంది. రాసినవారు వేరు, ఎక్కించినవారు వేరు అయితే ఇద్దరి పేర్లనూ గిట్ విడివిడిగా నమోదు చేస్తుంది. మన రెవెన్యూ దఫ్తరంలో ఫైసల్ పట్టీ చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఫలానా సర్వే నంబరు ఫలానావారి పేరు నుంచి ఫలానావారి పేరుకు, విరాసత్ (వారసత్వం) కింద గానీ క్రయం కింద గానీ, ఏ ఉత్తర్వు మీద మారిందో ఆ పట్టీ చెప్తుంది. పహాణీ చూస్తే ఈ ఏడు భూమి ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. అది ఎందుకు ఆ పేరున ఉందో తెలియాలంటే ఫైసల్ పట్టీ తీయాలి. రెండూ ఉన్నప్పుడే మనిషికి ధైర్యం.

ఈ ఆలోచన సాఫ్ట్‌వేర్‌లోకి తొలిగా వచ్చింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. మార్క్ రాచ్‌కైండ్ అనే ఇంజనీరు 1972 ప్రాంతంలో సోర్స్ కోడ్ కంట్రోల్ సిస్టమ్ తయారుచేశాడు. 1975లో దాని గురించి అచ్చయిన పరిశోధన పత్రంలో, ఈ పరికరం ఏం చేస్తుందో ఆయన మొదట్లోనే చెప్పుకున్నాడు. ప్రతి మార్పునూ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎక్కడ చేశారు, ఎందుకు చేశారు అన్నది రాసిపెట్టడం అందులో ఒకటి. యాభై ఏళ్లలో ఎన్నో పరికరాలు వచ్చి పోయాయి గానీ ఈ నాలుగు ప్రశ్నలు మారలేదు. వీటిలో మొదటి మూడింటికీ జవాబు యంత్రం దానంతట అదే రాసుకుంటుంది. నాలుగోదాన్ని మనిషే రాయాలి. మన పిల్లలు అక్కడే "మార్పులు", "ఫిక్స్", "అప్‌డేట్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. నాకు ఇది చిన్న అలవాటుగా కనిపించడం లేదు. రెండేళ్ల తర్వాత ఆ కోడ్ ముట్టుకోవలసిన మనిషి, ఆ రోజు ఆ గదిలో లేని మనిషి, తన ప్రశ్న అడగడానికి మిగిలిన ఒకే ఒక చోటు ఆ సందేశం. దాన్ని ఖాళీగా వదిలితే అతని ముఖాన తలుపు వేసినట్టే.

తొలినాళ్ల పరికరాల్లో లాక్ అనే పద్ధతి ఉండేది. 1982లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ తయారుచేసిన రివిజన్ కంట్రోల్ సిస్టమ్ దీన్నే పాటించింది. ఒక ఫైలును దిద్దాలంటే ముందు చెక్‌అవుట్ చేసుకోవాలి. అప్పుడు అది మీ పేరున తాళం పడుతుంది. మీరు చెక్‌ఇన్ చేసేదాకా ఇంకొకరు దాన్ని దిద్దడానికి లేదు. భద్రమే గానీ, తాళం వేసినాయన సెలవు మీద పోతే పని ఆగిపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడికి ఈ ఇబ్బందే ఎదురైంది. ఆయనా, ఇద్దరు విద్యార్థులూ కలిసి ఒక సీ కంపైలర్ మీద పనిచేస్తున్నారు. ముగ్గురివీ మూడు వేళలు. ఎవరి తాళం కోసం ఎవరు ఆగాలి? అందుకని ముగ్గురూ తలా ఒక నకలు తీసుకొని ఎవరికి వీలైనప్పుడు వారు దిద్ది, తర్వాత కలుపుకునే పద్ధతి తయారుచేశాడు. 1986లో లోకానికి విడుదల చేసిన ఆ స్క్రిప్టుల నుంచే సీవీఎస్ అనే పరికరం పెరిగింది. మెర్జ్ అనే మాట ప్రోగ్రామర్ల రోజువారీ మాట అయింది ఇక్కడినుంచే.

మెర్జ్ ఎట్లా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. చాలామంది రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి పోల్చడమే అనుకుంటారు. అట్లా పోల్చితే తేడా ఉందని తెలుస్తుంది గానీ ఎవరు మార్చారో తెలియదు. ఒకరి ఫైలులో ఒక వరుస ఉంది, ఇంకొకరి ఫైలులో లేదు. ఈయన కొత్తగా చేర్చాడా, ఆయన ఉన్నదాన్ని తీసేశాడా? రెండు కాగితాలు చూసి చెప్పలేం. మూడో కాగితం కావాలి. ఇద్దరూ నకలు తీసుకున్న నాటి అసలు ప్రతి అది. దాన్ని బేస్ అంటారు. బేస్‌లో ఆ వరుస లేకపోతే ఈయన చేర్చినట్టు, ఉంటే ఆయన తీసేసినట్టు. అన్నదమ్ముల మధ్య గెట్టు తగాదా వచ్చినప్పుడు ఇద్దరి పాసుపుస్తకాలు చూసి సారు ఎన్నడూ మాట చెప్పలేదు. తండ్రి పేరున ఉన్న కాగితం తెమ్మనేవారు.

ఒకరు మూడో వరుస మార్చి, ఇంకొకరు ఎనిమిదో వరుస మారిస్తే యంత్రం రెండింటినీ తీసుకుంటుంది. ఇద్దరూ అయిదో వరుసనే వేరువేరుగా మారిస్తే అది కాన్‌ఫ్లిక్ట్. అప్పుడు యంత్రం తీర్పు చెప్పదు. ఫైలులోనే గీతలు గీసి, పైన ఒకరి మాట, కింద ఇంకొకరి మాట పెట్టి పక్కకు తప్పుకుంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కాన్‌ఫ్లిక్ట్ అనగానే భయపడతారు. తప్పు చేశామనుకుంటారు. ఎదుటివాళ్ల మార్పును చెరిపేసి తమ మాట ఉంచుకొని బయటపడేవాళ్లనూ చూశాను. కాన్‌ఫ్లిక్ట్ తప్పు కాదు, ఇద్దరు కూర్చొని మాట్లాడుకోవలసిన చోటును యంత్రం వేలు పెట్టి చూపడం. అసలు భయపడవలసింది కాన్‌ఫ్లిక్ట్ రాని మెర్జ్‌లను చూసి. ఒకరు ఒక ఫంక్షన్ పేరు మార్చారు, మరొకరు వేరే ఫైలులో పాత పేరుతోనే దాన్ని కొత్తగా పిలిచారు. వరుసలు ఢీకొనలేదు కాబట్టి యంత్రం అంతా సవ్యమంటుంది. ప్రోగ్రాము మాత్రం ఆగిపోతుంది. మెర్జ్ అయినాక టెస్టులు నడపాలని పెద్ద కంపెనీల్లో నియమం పెట్టింది ఇందుకే.

బ్రాంచ్ సంగతి. ఒక సర్వే నంబరు ఫోడి అయి అ, ఆ, ఇ అని ముక్కలైనట్టు, ఒక ప్రాజెక్టు కూడా ఒకచోట రెండు దారులుగా చీలుతుంది. ఇక్కడ పోలిక ఆగిపోతుందని చెప్పడం నా బాధ్యత. భూమి చీలితే ఒక్కొక్కరి భాగం తగ్గుతుంది. బ్రాంచ్ చీలితే ఎవరిదీ తగ్గదు, ప్రతి బ్రాంచ్‌లోనూ మొత్తం ఉంటుంది. పైగా బ్రాంచ్‌లను వేరుచేసేదే తిరిగి కలపాలని. ముఖ్యమైన దారిని, సీవీఎస్ తర్వాత వచ్చిన సబ్‌వర్షన్ అనే పరికరం కాలంలో ట్రంక్ అన్నారు, గిట్‌లో చాలాకాలం మాస్టర్ అన్నారు, 2020 అక్టోబరు నుంచి, గిట్ ప్రాజెక్టులను నెట్‌లో ఉంచే గిట్‌హబ్‌లో కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టులకు మెయిన్ అంటున్నారు. గిట్‌లో బ్రాంచ్ ఎంత చిన్నదో తెలిస్తే విద్యార్థులు ఆశ్చర్యపోతారు. ఒక కమిట్ నంబరు రాసి ఉన్న 41 బైట్ల ఫైలు, అంతే. హెడ్ అంటే మీరు ఇప్పుడు ఏ చోట నిలబడి ఉన్నారో చెప్పే గుర్తు. ఇంత తేలిక కాబట్టే ఏ చిన్న ప్రయత్నానికైనా ఒక బ్రాంచ్ తీసుకోవచ్చు. నచ్చకపోతే వదిలేయవచ్చు.

ఇక రిపాజిటరీ, అంటే మార్పుల దఫ్తరం, దాని నకలైన క్లోన్. వీటి కథ చెప్పాలంటే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరికి పోవాలి. లినక్స్ కెర్నల్ 2002 నుంచి బిట్‌కీపర్ అనే పరికరంలో ఉండేది. అది అప్పట్లో ఒక కంపెనీ సొత్తు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారికి షరతులతో ఉచితంగా ఇచ్చారు. ఆ షరతుల మీద వివాదం వచ్చి 2005 ఏప్రిల్‌లో ఉచిత అనుమతి పోయింది. వేల మంది పనిచేసే ప్రాజెక్టుకు దఫ్తరం లేకుండా పోయింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ నెల మొదటి వారంలోనే గిట్ రాయడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన కోడ్‌ను తానే దాచుకునే స్థితికి వచ్చింది. ఆ జూన్‌లో వచ్చిన లినక్స్ 2.6.12 గిట్‌లోంచే వచ్చింది. పోగొట్టుకున్న అనుభవం ఆ పరికరం కట్టుబడిలోనే ఉంది. క్లోన్ చేస్తే మీకు ఇవాళ్టి ప్రతి ఒక్కటే రాదు, మొదటి కమిట్ నుంచి చరిత్ర మొత్తం మీ కంప్యూటరులోకి వస్తుంది. ఒక దఫ్తరం కాలిపోయినా నకలు ఉన్న ప్రతి ఇల్లూ దఫ్తరమే. పుల్ అంటే అవతలి దఫ్తరంలోని కొత్త మార్పులను తెచ్చి మనదాంట్లో కలుపుకోవడం, పుష్ అంటే మన మార్పులను అక్కడికి పంపడం.

ఇందులో ఒక సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. లినక్స్ గిట్ దఫ్తరంలో మొట్టమొదటి కమిట్ 2.6.12లోని రెండో పరీక్షా ప్రతి. అంతకు ముందు పదమూడు, పద్నాలుగేళ్ల పని అందులో లేదు. పాత చరిత్ర చేతిలో ఉన్నా, గిట్‌లోకి తెస్తే 3.2 గిగాబైట్లు అవుతుందని టోర్వాల్డ్స్ దాన్ని పక్కన పెట్టాడు. ఆ మాట అదే కమిట్ సందేశంలో రాసి ఉంది. కావాలంటే పాతదాన్ని వేరే భాండారంగా తర్వాత చేసుకోవచ్చునని కూడా రాశాడు. తర్వాత కొందరు అట్లా చేసి చూపారు. మన తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ ఇట్లాంటిదే. దానికి ముందు సేత్వార్ ఉంది. అయినా ఇవాళ ఏ తగాదా వచ్చినా చాలామంది వకీళ్లు ఖాస్రా నుంచే మొదలుపెడతారు. ఒక చోట గీత గీసి ఇక్కడినుంచి లెక్క అనడాన్ని బేస్‌లైన్ అంటారు. గీత గీయడంలో దోషం లేదు. ఎందుకు గీశామో, వెనుకటి కాగితం ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా గీస్తేనే మనుషులు నష్టపోతారు.

ఇప్పుడు దొంగ కాగితాల సంగతి. రిజిస్టరులో ఒక పేజీ తీసి కొత్త పేజీ కుట్టేస్తే పట్టుకునేదెట్లా? గిట్ దీనికి లెక్కలతో జవాబు చెప్పింది. ప్రతి కమిట్‌కూ 40 అక్షరాల నంబరు ఉంటుంది. అది వరుసగా ఇచ్చిన నంబరు కాదు, ఆ కమిట్‌లో ఉన్న సమస్తం నుంచి షా-1 అనే సూత్రంతో లెక్కగట్టింది. ఆ లెక్కలో ముందటి కమిట్ నంబరు కూడా కలిసి ఉంటుంది. పాత కమిట్‌లో ఒక్క కామా మారినా దాని నంబరు మారుతుంది, దాని తర్వాతి కమిట్ నంబరు మారుతుంది, గొలుసు చివరిదాకా అన్నీ మారతాయి. నకలు ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది. 2017 ఫిబ్రవరిలో గూగుల్ పరిశోధకులు, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక పరిశోధన సంస్థవారు కలిసి రెండు వేరువేరు ఫైళ్లకు ఒకే షా-1 నంబరు వచ్చేటట్టు చేసి చూపారు. అప్పటినుంచి గిట్ అట్లాంటి ఫైళ్లను పసిగట్టే రక్షణ పెట్టుకొని, ఇంకా బలమైన షా-256 వైపు నడుస్తోంది.

దొంగ పేజీ నిజంగానే కుట్టడానికి చూసిన సందర్భం 2003 నవంబరులో జరిగింది. అప్పుడు లినక్స్ అసలు దఫ్తరం బిట్‌కీపర్‌లో ఉండేది. బిట్‌కీపర్ వాడనివారి కోసం దాని నకలు ఒకటి సీవీఎస్‌లో పెట్టారు. ఆ నకలులో ఎవరో రెండు వరుసలు చేర్చారు. చూడడానికి అది యూజరు నంబరు సున్నాకు సమానమా అని అడిగే పరీక్షలా ఉంది. సీ భాషలో అట్లా అడగాలంటే రెండు సమానం గుర్తులు రాయాలి. అక్కడ ఒక్కటే ఉంది. ఒక్క గుర్తు ఉంటే అది ప్రశ్న కాదు, ఆజ్ఞ. ఆ వరుస నడిచిన క్షణం, దాన్ని పిలిచిన మామూలు యూజరు యంత్రానికంతా యజమాని అవుతాడు. దీన్ని పట్టుకున్నది కోడ్ చదివి కాదు. నకలులోని ప్రతి మార్పుకూ అసలు దఫ్తరంలోని ఫలానా మార్పు నుంచి వచ్చిందన్న గుర్తు ఉంటుంది. ఈ మార్పుకు ఆ గుర్తు లేదు. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని మార్పు కాబట్టే అనుమానం వచ్చింది. ఆ రెండు వరుసలు అసలు కెర్నల్‌లోకి ఎన్నడూ చేరలేదు.

ఏ వరుసను ఎవరు, ఏ కమిట్‌లో రాశారో చూపించే కమాండును బ్లేమ్ అంటారు. సీవీఎస్‌లో దీన్నే అనొటేట్ అన్నారు. సబ్‌వర్షన్‌లో బ్లేమ్‌తో పాటు ప్రెయిజ్ అన్న పేరు కూడా పెట్టారు, ఏ పేరుతో పిలిచినా పని ఒకటే. దీన్ని తప్పు పట్టడానికి వాడే ఆఫీసుల్లో మనుషులు చిన్న మార్పు చేయడానికి కూడా జంకుతారు. నా దగ్గర పనిచేసిన పిల్లలకు నేను చెప్పింది ఒకటే. బ్లేమ్‌లో పేరు దగ్గర ఆగకండి, కమిట్ తెరిచి సందేశం చదవండి. వింతగా కనిపించే ఒక వరుస వెనుక చాలాసార్లు ఒక కస్టమరు కష్టమో, ఒక రాత్రి జరిగిన ప్రమాదమో ఉంటుంది. అది తెలియకుండా తీసేస్తే ఆ ప్రమాదం మళ్లీ వస్తుంది.

తెలుగులో ఈ మాటలు ఎట్లా బతుకుతున్నాయో చూడాలంటే తెలుగు వికీపీడియాకు పొండి. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ప్రతి పేజీకీ చరిత్ర ఉంది. ప్రతి కూర్పు పక్కన తేదీ, రాసినవారి పేరు, దిద్దుబాటు సారాంశం ఉంటాయి. రెండు కూర్పుల మధ్య తేడా చూడవచ్చు. చెడిన మార్పును రద్దు చేయవచ్చు. ఇంజనీరింగు చదవని బడిపంతుళ్లు, బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నారు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు మన మండలం మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. అట్లాంటి రోజున ఎన్ని ఊర్ల వ్యాసాల్లో జిల్లా పేరు మార్చవలసి వస్తుందో ఊహించండి. పేరు మార్చినా పాతది పోదు. ఒక వ్యాసం 2015 నాటి కూర్పు తెరిస్తే ఆ ఊరు అప్పటి జిల్లాలోనే ఉంటుంది.

కంప్యూటరు తెరను తెలుగులోకి తెచ్చిన అనువాదకుల పని కూడా ఇట్లాగే దాగి ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్ తెలుగు అనువాదాలు గిట్‌లో ఉన్నాయి. 2009లో ఆ ప్రాజెక్టు సబ్‌వర్షన్ నుంచి గిట్‌కు మారింది. కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ వారి అనువాదాలు సబ్‌వర్షన్‌లోనే ఉండిపోయాయి. ఒక బటన్ మీద తెలుగు మాట ఎవరు పెట్టారో, తర్వాత ఎవరు మార్చారో ఆ చరిత్ర చదివితే తెలుస్తుంది. మన భాషలో ఒక మాట ఎట్లా స్థిరపడిందో ఇంత వివరంగా పూర్వం ఏ నిఘంటువు దగ్గరా దొరకలేదు. భాషాశాస్త్రం చదివే పిల్లలు ఇందులోకి దిగాలని నా కోరిక.

తెలుగు రాసేవారికి గిట్‌తో రెండు చిక్కులు ఉన్నాయి, రెండింటికీ ఉపాయం ఉంది. ఫైలుకు తెలుగు పేరు పెడితే గిట్ ఆ పేరును చూపకుండా 340, 260 అంటూ అంకెల వరుస చూపిస్తుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షర సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, గిట్ వాటిని విడివిడిగా చదివి వినిపిస్తోందన్నమాట. కోర్ కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. రెండోది తేడా చూడడంలో వస్తుంది. గిట్ వరుసల లెక్కన పోలుస్తుంది. మనం ఒక పేరా మొత్తం ఒకే వరుసగా టైపు చేస్తాం. అందులో ఒక్క కొమ్ము దిద్దినా పేరా అంతా మారినట్టు చూపిస్తుంది. వర్డ్-డిఫ్ అడిగితే మారిన మాటే కనిపిస్తుంది, లేదా వాక్యానికి ఒక వరుస చొప్పున రాసుకోవచ్చు. కమిట్ సందేశం తెలుగులో రాయడానికి ఏ అడ్డంకీ లేదు. ఇంగ్లిషు తడుముకుంటూ "ఫిక్స్" అని ఒక్క మాట రాసే పిల్లవాడు తెలుగులో అయితే మూడు వాక్యాలు రాస్తాడు. కాలేజీ ప్రాజెక్టుల్లో అట్లా రాయనివ్వమని ఇక్కడున్న అధ్యాపకులను అడుగుతున్నాను.

ట్యాగ్ గురించి ఒక మాట. ఇది ఫలానా విడుదల అని ఒక కమిట్‌కు వేసే ముద్ర అది. బ్రాంచ్ ముందుకు కదులుతుంది, ట్యాగ్ కదలకూడదు. ముద్ర ఒకదానికి వేసి, చేతికి ఇంకొకటి ఇస్తే ఏమవుతుందో చూడండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయింట్ అనే ఇంజనీరు, సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి పట్టుకున్నాడు. దొంగదారిని మేల్కొలిపే స్క్రిప్టు అందరూ చూసే గిట్ దఫ్తరంలో లేదు. విడుదల పేరుతో పంచిన కట్టలో మాత్రమే ఉంది. దఫ్తరంలో ఒకటి, చేతికిచ్చిన నకలులో ఇంకొకటి.

చివరగా వెనక్కి తీసుకోవడం గురించి. దీనికి రెండు దారులు ఉన్నాయి. రివర్ట్ అంటే తప్పు మార్పును అట్లాగే ఉంచి, దాన్ని రద్దు చేసే ఇంకొక మార్పును పైన ఎక్కించడం. తప్పు జరిగిందన్నదీ ఉంటుంది, దిద్దామన్నదీ ఉంటుంది. రెండోది రీసెట్ చేసి ఫోర్స్ పుష్ చేయడం. అంటే జరిగిన చరిత్రనే మార్చి, కొత్త చరిత్రను అందరి మీదా రుద్దడం. రీబేస్ కూడా చరిత్రను తిరగరాసేదే. మీ ఇంట్లో, మీ ఒక్కరి బ్రాంచ్‌లో, ఇంకా ఎవరికీ ఇవ్వని రాతను రీబేస్ చేసి శుభ్రం చేసుకోండి, మంచిదే. పదిమంది చేతికి పోయినదాన్ని మాత్రం తిరగరాయవద్దు. దాన్ని నమ్మి వాళ్లు తమ పని కట్టుకొని ఉంటారు.

ఈ తేడా మన జిల్లాలో ఏ రైతుకైనా అనుభవమే. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒక్కచోట, ఒక్కరోజున కావడం నిజంగా పెద్ద మేలు, దాన్ని కాదనను. కానీ అందులో అనుభవదారు (భూమి ఎవరి అనుభవంలో ఉందో చెప్పే) కాలమ్ లేదు. తప్పు పడితే దిద్దే అధికారం మండలంలోని తహసీల్దారు చేతిలో లేకపోయింది. విస్తీర్ణం ఎందుకు తగ్గిందో, సర్వే నంబరు నిషేధిత జాబితాలోకి ఎందుకు పోయిందో తెరమీద చూసి తెలుసుకునే వీలు రైతుకు లేకపోయింది. ఇవాళ్టి స్థితి కనిపించింది, దాని వెనుక కారణం కనిపించలేదు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. మొదట పరీక్షించిన నాలుగు మండలాల్లో పాత పాలమూరులోని మద్దూరు ఒకటి. అనుభవదారు కాలమ్ మళ్లీ వచ్చింది, అప్పీలు చేసుకునే మెట్లు వచ్చాయి. నేను కోరేది ఇంకొకటి ఉంది. ఒక సర్వే నంబరు నొక్కితే సేత్వార్ నుంచి ఇవాళ్టి దాకా జరిగిన మార్పులన్నీ వరుసగా కనిపించాలి. ప్రతి మార్పు పక్కన చేసిన అధికారి హోదా, ఉత్తర్వు నంబరు, కారణం తెలుగులో ఉండాలి. దిద్దినప్పుడు పాత నమోదు చెరిగిపోకూడదు. ఈ పని చేయగల పరికరం యాభై ఏళ్లుగా ఉంది, దాన్ని రోజూ వాడే వేలమంది తెలుగు ఇంజనీర్లు ఉన్నారు.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. ఇక్కడున్న విద్యార్థులకు ఒక ప్రాజెక్టు ఇస్తున్నాను. మీ ఇంటి సర్వే నంబరు ఒకటి తీసుకోండి. సేత్వార్ నకలు, ఖాస్రా పహాణీ, తర్వాతి పహాణీలు, దొరికినంత ఫైసల్ పట్టీ, పాసుపుస్తకాలు దరఖాస్తు పెట్టి తీయించండి. మీ సొంత కంప్యూటరులో ఒక రిపాజిటరీ తెరిచి ఒక్కొక్క మార్పును ఒక్కొక్క కమిట్‌గా ఎక్కించండి. సందేశంలో ఉత్తర్వు నంబరు, కారణం తెలుగులో రాయండి. కారణం దొరకకపోతే దొరకలేదనే రాయండి. అట్లాంటి కమిట్లు ఎన్ని వచ్చాయో చూస్తే తహసీలు కార్యాలయంలో ఏం అడగాలో మీకే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త. 1970 జనవరి 1కి ముందటి తేదీలను గిట్ సరిగ్గా తీసుకోదు. కాబట్టి సేత్వార్, ఖాస్రా నాటి తేదీలను కమిట్ తేదీగా పెట్టడానికి చూడకండి, సందేశం మొదటి వరుసలోనే ఫసలీ సంవత్సరంతో సహా రాయండి.